రోబో అయ్యాక కారు ఎక్కడికి పోయింది?

మా అక్క కొడుకు పరకాల నుంచి సెలవులకు హన్మకొండ వచ్చినప్పుడల్లా నా అద్దాల అల్మారా ముందు నిలబడి ఒకటే అడుగుతాడు, "మామా, వీటిల్లో ఏది మంచిది?" అని. మొదట్లో వేలు పెట్టి చూపించేవాణ్ణి. ఈ ఎండాకాలం మాత్రం రెండు బొమ్మలు తీసి వాడి చేతిలో పెట్టి నువ్వే చూసి చెప్పు అన్నా. ఒకటి ఎర్రది, ఒకటి పసుపుది, రెండూ కార్లే, రెండూ రోబోలయ్యేవే, ధర చూస్తే ఎర్రది పసుపుదానికి రెట్టింపు. ఎట్లా చూడాలో వాడికి చెప్పడానికే మధ్యాహ్నమంతా పట్టింది. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, కొనేవాళ్ళకు పనికొస్తుందని.

డబ్బా మీది ఫొటోను నమ్మకండి. ఫొటోలో మంచి లైటింగ్ ఉంటుంది, మంచి కోణం ఉంటుంది, వెనక వైపు మాత్రం ఉండదు. కొన్ని డబ్బాల మీదైతే బొమ్మను సరిగ్గా మార్చకుండానే ఫొటో తీసి అచ్చేస్తారు, ఒక చేయి తిరగేసి ఉంటుంది, లేదా వీపున మడవాల్సిన ప్లాస్టిక్ రేకు అట్లాగే లేచి ఉంటుంది, అమ్మేవాళ్ళకే మార్చడం రాలేదన్నమాట.

నా చిన్నప్పుడు మా ఊరికి పగటివేషగాళ్ళు వచ్చేవాళ్ళు. ఒకాయన పోలీసు వేషంలో వచ్చి వాకిట్లో నిలబడి గదమాయిస్తే మా బాపమ్మ నిజంగానే భయపడి లోపలికి పోయింది, బియ్యం అడిగాక గానీ నవ్వలేదు. అదే మనిషిని సాయంత్రం బస్టాండులో లుంగీ మీద చూశాను, పక్కన ఒక చిన్న సంచి. టోపీ, బెల్టు, బూట్లు, మీసం, ఇంత సరంజామా ఆ సంచిలో ఎట్లా పట్టిందా అని చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయా. ఈ బొమ్మలు కూడా అంతే. కారుగా ఉన్నప్పుడు వేషం నమ్మేలా ఉందా, రోబో అయ్యాక ఆ వేషమంతా ఎక్కడ పెట్టుకుంది, ఈ రెండూ అడిగితే సగం పని అయిపోయినట్టే. తర్వాత చెప్పేవన్నీ వీటికి పిల్లలే.

పాత బొమ్మల్ని తిట్టే ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో ఈ బొమ్మల్ని 1984లో అమెరికాలో హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ అమ్మడం మొదలుపెట్టింది గానీ ఆ అచ్చులు జపాన్ కంపెనీ టకారావి, అప్పటికే అక్కడ డయాక్లోన్, మైక్రో చేంజ్ అనే పేర్లతో అమ్ముతున్నవి. డయాక్లోన్ కథలో రోబో అంటే ప్రాణమున్న పాత్ర కాదు, లోపల చిన్న డ్రైవర్ కూర్చుని నడిపే యంత్రం. అందుకే అప్పటి కార్లు చూడముచ్చటగా ఉంటాయి, రోబోలు కొయ్యబారినట్టు ఉంటాయి. 1984 నాటి ఐరన్‌హైడ్, రాచెట్ బొమ్మలకైతే తలే లేదు, ముందు అద్దం వెనక సీటు మీద ముఖం స్టిక్కర్ అంటించి సరిపెట్టారు! లారీ అయ్యే ఆప్టిమస్ ప్రైమ్‌కు పిడికిళ్ళు విడిగా తగిలించాలి, పోగొట్టుకోని పిల్లలు ఎందరుంటారో. కాబట్టి నలభై ఏళ్ళ నాటి బొమ్మను ఇవాళ్టి కొలతతో కొలవకండి. సైజు కూడా అంతే, ఐదున్నర అంగుళాల డీలక్స్ సైజు బొమ్మను, 2003లో మొదలైన మాస్టర్‌పీస్ అనే ఖరీదైన కలెక్టర్ల వరసలోని బొమ్మ పక్కన పెట్టి ఇది నాసి అంటే ఎట్లా, ధరలోనే అంత తేడా ఉంటే.

సరే, కారుతో మొదలుపెడదాం. ఈమధ్య చాలా బొమ్మలు డబ్బాలో రోబోగానే వస్తున్నాయి, అట్లా వస్తే ముందు ఎట్లా మార్చాలో చెప్పే కాగితం చూసుకుంటూ కారుగా మార్చి బల్ల మీద పెట్టండి, ఒక ఐదు నిమిషాలు ముట్టుకోకండి. చేయి చాపినంత దూరం నుంచి చూడండి, తర్వాత కళ్ళు సగం మూసి చూడండి. రంగులూ గీతలూ మసకబారి ఆకారం ఒక్కటే మిగులుతుంది. అది కారులా కనిపిస్తే సరే, చక్రాలు తగిలించిన సబ్బుపెట్టెలా కనిపిస్తే దగ్గరికి పోయి చూసినా బాగుపడేదేం లేదు.

దగ్గరికి వచ్చాక అతుకులు చూడండి. నిజం కారుకు కూడా అతుకులుంటాయి కదా, డోరు చుట్టూ, బానెట్ చుట్టూ, డిక్కీ దగ్గర. తెలివైన డిజైనర్ బొమ్మ విడిపోయే గీతల్ని సరిగ్గా అక్కడే దాస్తాడు. తెలివి తక్కువైతే టాప్ నడుమ నుంచి, బానెట్ నడుమ నుంచి పెద్ద చీలిక పోతుంది, ఎంత రంగేసినా అది కనిపిస్తూనే ఉంటుంది. ఈ విషయంలో నాకు మన నిర్మల్ బొమ్మలు చేసేవాళ్ళే గురువులనిపిస్తుంది, పొనికి కర్ర ముక్కలు ముక్కలుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతికి, పైన రంగేస్తే జింక కొమ్ము ఎక్కడ అతికారో చెప్పలేం. వాళ్ళ బొమ్మ మళ్ళీ విడిపోనక్కర్లేదు, అది వేరే సంగతి.

కరెంటు పోయినప్పుడు ఇంకో పరీక్ష చేయొచ్చు. చీకట్లో కారు వెనక ఫోన్ టార్చ్ పెడితే ఎక్కడెక్కడ సందులున్నాయో వెలుగు చారల్లా కనిపిస్తాయి. కిటికీల్లోంచి వస్తే మంచిదే, టాప్‌కూ డోరుకూ మధ్య నుంచి వస్తే మాత్రం ఆ రేకు కూర్చోలేదు.

రంగు సంగతి పగటి వెలుతురులో చూడాలి, ట్యూబ్‌లైట్ కింద అన్నీ ఒకేలా ఉంటాయి. ఒక డోరు రంగు ప్లాస్టిక్‌తోనే పోసింది అయ్యుంటుంది, దాని పక్కనున్న టాప్ పారదర్శక ప్లాస్టిక్ మీద అదే రంగు పూసింది అయ్యుంటుంది. ఈ రెండూ కలవకపోవడం చాలా మామూలు జబ్బు, ఎరుపు, పసుపు బొమ్మల్లో ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. వెండి రంగు మెరుపు కలిపి పోసిన ప్లాస్టిక్‌లో పాలు కలిపినట్టు సుడులు కనిపిస్తాయి, అది పగులు కాదు, భయపడకండి.

చక్రాలకు నా దగ్గరున్న పనిముట్టు ఆర్టీసీ బస్ టికెట్. నిజంగానే. కారును అద్దం మీదో నున్నటి గ్రానైట్ మీదో పెట్టి (షాబాద్ బండల నేల మీద వద్దు, ఆ నేలే ఎగుడుదిగుడు) ఒక్కో చక్రం కిందికి టికెట్ కాగితం జరపండి. టైరుకు తగిలి ఆగితే చక్రం నేల మీద ఉన్నట్టు, అడ్డం లేకుండా దూరిపోతే గాల్లో ఉన్నట్టు. అక్క తెచ్చిన జీరో టికెట్ అయినా ఫర్వాలేదు, పని చేస్తుంది. తర్వాత ఒక పుస్తకం ఏటవాలుగా పెట్టి దొర్లించండి. నేరుగా పోవాలి. గరగరమని ఆగిపోతే కింద రోబో మోచేయో పిడికిలో నేలకు రాసుకుంటోందన్నమాట.

బోర్లా తిప్పితే రోబో కనిపిస్తుందా? కనిపిస్తుంది, కనిపించనీయండి. కారును కింద నుంచి చూసేది మెకానిక్ ఒక్కడే. పక్క నుంచి, వెనక నుంచి చూసినప్పుడు తల కనిపిస్తే అది తప్పు. ఇక్కడ విమానాలకు కొంచెం కనికరం చూపాలి. 1984 నాటి స్టార్‌స్క్రీమ్ అనే రోబోది ఎఫ్-15 యుద్ధవిమానం ఆకారం, పలుచటి విమానం, అందులో చేతులూ కాళ్ళూ ఉన్న రోబోను ఎక్కడ దాస్తారు, పొట్ట కింద వేలాడాల్సిందే. లారీకి ఆ బాధ లేదు, పెద్ద డబ్బా, ఎంతైనా పడుతుంది. అందుకే లారీని లారీతో పోల్చండి, విమానాన్ని విమానంతో.

కారులో చివరిది బిగుతు. టాప్ పట్టుకుని పైకి లేపి మెల్లగా ఊపండి. లొడలొడమంటే ఎక్కడో ఒక పెగ్, అంటే రేకుల్ని పట్టి ఉంచే చిన్న ముల్లు, దాని గాడిలో కూర్చోలేదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, ఏ రేకు లేచి ఉందో దాన్నే వత్తుతూ ఉంటారు. తప్పు సాధారణంగా అక్కడ ఉండదు. లోపల మడిచిన కాలు అర మిల్లీమీటరు తేడాతో ఆగిపోయి ఉంటుంది, దాని మీద చేయి, చేయి మీద డోరు, డోరు మీద టాప్, తప్పు పైకి వచ్చేసరికి పెద్దదై కనిపిస్తుంది. మొత్తం విప్పి లోపలి నుంచి మళ్ళీ వేయండి.

ఇప్పుడు మార్చడం. ఇందులోనే బొమ్మ గుణం తెలుస్తుంది. ఎన్ని స్టెప్పులు అన్నది గొప్ప కాదు, నలభై స్టెప్పుల బొమ్మ ఒకసారి మార్చి అల్మారాలో పెట్టేస్తే మళ్ళీ ముట్టుకోబుద్ధి కాదు. నేను చూసేది ఇది, మూడోసారికి కాగితం లేకుండా మార్చగలుగుతున్నానా? మార్చగలిగితే ఒక కదలిక తర్వాత ఇంకోటి దానంతట అదే తోస్తోందన్నమాట, మా అమ్మ చీర మడత పెట్టినట్టు, ఆలోచించే పనే ఉండదు. ప్రతిసారీ కాగితం వెతకాల్సి వస్తే డిజైన్‌లో ఎక్కడో మెలిక ఉంది. ఎక్కడైనా ఒక్క కదలిక చూసి "అబ్బా" అనిపిస్తే, బానెట్ ఒక్కసారి తిరిగి రెండు పాదాలయ్యే లాంటిది, దానికి నేను ఎక్కువ మార్కులు వేస్తా, మిగతాది మామూలుగా ఉన్నా సరే.

ముక్కలు ఊడదీసి మళ్ళీ ఇంకోచోట తగిలించాల్సి వస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. తుపాకి, లారీ వెనక ట్రైలర్ విడిగా ఉంటే ఫర్వాలేదు. సగం కారు ఊడదీసి పక్కన పెట్టి, ఇదిగో రోబో అంటే, పగటివేషగాడు మీసం మన ఇంట్లోనే మర్చిపోయి పోయినట్టుంది.

బలం ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడొద్దు అన్నది ప్లాస్టిక్‌ను బట్టి ఉంటుంది. గట్టిగా ఉండే మామూలు భాగాలు ఎక్కువగా ఏబీఎస్, అవి కొంత వంపు తట్టుకుంటాయి, మరీ వంచితే తెల్లటి గీత పడుతుంది, ఆ గీత పడిందంటే ఆపమని అర్థం. రబ్బరులా వంగేవి పీవీసీ, కొమ్ములూ కత్తులూ దాంతో చేస్తారు, వంకరపోతే వేడి నీళ్ళలో ముంచి సరి చేయొచ్చు. అద్దాల్లా ఉండేది పాలీకార్బొనేట్, దాని మీద దయ ఉంచండి, చెప్పకుండా పగులుతుంది. నా నీలం కారు కిటికీ కీలు అట్లాగే పోయింది. కొన్న రాత్రే, కరెంటు లేదు, ఫోన్ నోట్లో పట్టుకుని టార్చ్ వెలుగులో మారుస్తున్నా, రేకు రాలేదు, ఇంకొంచెం లాగా, టప్‌మంది. కొన్నచోట అడిగితే విప్పిన బొమ్మ వాపసు తీసుకోం అన్నారు, అడగడానికి నాకే మొహం చెల్లలేదు లెండి. రేకు రాకపోతే మూడు దిక్కులూ చూడండి, ముందుకు లాగాలా, పక్కకు జరపాలా, ముందు ఇంకేదో లేవాలా అని. ఆ తర్వాత కూడా రాకపోతే టీ తాగి రండి.

రోబో నిలబడింది. ఇప్పుడు అసలు ప్రశ్న, కారు ఎక్కడికి పోయింది? రోబో ఒంటి మీద మిగిలిపోయిన కారు ముక్కల్ని కలెక్టర్లు కిబుల్ అంటారు. కొంత కిబుల్ అందమే, బంబుల్‌బీ అనే రోబో వీపున రెండు డోర్లు రెక్కల్లా లేచి ఉంటే ఎవరు వద్దంటారు. కానీ టాప్, అద్దాలు, డిక్కీ అన్నీ కలిపి వీపున బడి సంచిలా వేలాడుతుంటే మాత్రం ఆ డిజైనర్ చేతులెత్తేశాడని అర్థం. మంచి బొమ్మలో కారు సగం కాళ్ళలోకి మడుచుకుంటుంది, కొంత ఛాతీ అవుతుంది, కొంత ముంజేతుల్లోకి దూరుతుంది, మిగిలిందే వీపుకు పోతుంది. పక్క నుంచి చూడండి, ముందు నుంచి కాదు. పక్క నుంచి చూస్తే రోబో మందం ఎంత ఛాతీదో, ఎంత మూటదో తెలిసిపోతుంది.

దొంగ ఛాతీ అని ఇంకోటుంది. రోబో ఛాతీ మీద బానెట్, లైట్లు కనిపిస్తాయి, కానీ అది అసలు బానెట్ కాదు, అచ్చు అట్లాగే పోసిన వేరే ముక్క, అసలుది వీపున మడిచి ఉంటుంది. చూడటానికి బాగుంటుందని కొందరు ఇష్టపడతారు. నాకు మాత్రం నచ్చదు, ఒకే వస్తువు రెండుసార్లు మోయడం ఎందుకు, ఆ బరువంతా మళ్ళీ వీపు మీదకే కదా.

వీపు బరువైతే రోబో వెనక్కి పడుతుంది. మడమ వెనక చిన్న ముల్లులాంటిది ఇచ్చారా చూడండి. చీలమండ లోపలికి బయటికి వంగుతుందా అన్నది ఇంకా ముఖ్యం, వంగితేనే కాళ్ళు ఎడంగా పెట్టినా పాదం నేలకు పూర్తిగా ఆనుతుంది, లేకపోతే అంచు మీద నిలబడుతుంది. మోకాలు, మోచేయి 90 డిగ్రీలు ముడవాలి, నడుము తిరగాలి, తల కొంచెం పైకి చూడగలగాలి, విమానం అయ్యే రోబోకు ఇది మరీ ముఖ్యం, ఎగిరేటప్పుడు నేలకేసి చూస్తూ ఎగిరితే ఏం బాగుంటుంది. పిడికిలి బెజ్జం ఇప్పటి చాలా బొమ్మల్లో 5 మిల్లీమీటర్లు, కాబట్టి ఒకదాని తుపాకి ఇంకోదానికి పడుతుంది. ముంజేయి, పిక్కల వెనక డొల్లగా ఉంటే ఖర్చు తగ్గించారని అర్థం, ముందు నుంచి కనిపించదు గానీ చేతిలో పట్టుకుంటే తేలిగ్గా తగులుతుంది.

కీళ్ళు ఇప్పుడే ఎట్లా ఉన్నాయన్నది కాదు, రేపటికి ఎట్లా ఉంటాయన్నది చూడండి. చేయి నేరుగా చాపి, తుపాకి పెట్టి, పడుకోండి. పొద్దున లేచేసరికి చేయి కిందికి జారితే ఆ కీలు వదులు. మెట్టుమెట్టుగా కటకటమని తిరిగే కీళ్ళు (వీటినీ రాచెట్ అనే అంటారు, పైన చెప్పిన రాచెట్ బొమ్మతో సంబంధం లేదు) జారవు, కానీ రెండు మెట్ల మధ్య మనకు కావాల్సిన చోట ఆగవు. గుండ్రటి బంతి కీలు వదులైతే దాన్ని బయటికి లాగి, బంతి మీద రంగులేని నెయిల్ పాలిష్ పలుచగా పూసి, పూర్తిగా ఆరాకే పెట్టండి, పారదర్శక ప్లాస్టిక్ మీద మాత్రం వద్దు, అది పగుళ్ళు తెస్తుంది. మరీ బిర్రుగా ఉంటే ఒక చుక్క సిలికాన్ ఆయిల్. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె పోయకండి.

ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. నన్నడిగితే అసలు పరీక్ష ఇప్పుడుంది, రోబోను మళ్ళీ కారు చేయడం. మొదట కారుగా ఉన్నప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, పదిసార్లు అటూ ఇటూ మార్చాక అదే చోట అదే కోణంలో ఇంకోటి తీసి పక్కపక్కన పెట్టండి. డోరు సందు పెరిగిందా, బానెట్ అంచుల్లో రంగు రాలిందా, రేకులు ఒకదానికొకటి రాసుకుని గీతలు పడ్డాయా. పిల్లల కోసం కొంటుంటే నేను దీనికే మొదటి చోటిస్తా, వాళ్ళు రోజుకు పదిసార్లు మారుస్తారు. అల్మారాలో పెట్టుకోవడానికైతే ఏ రూపంలో నిలబెడతారో ఆ రూపం బాగుంటే చాలు, మొహమాటపడకండి.

జాతర బొమ్మల సంగతి చెప్పకపోతే మా వాడు ఊరుకోడు. రెండేళ్ళకోసారి మేడారం పోయినప్పుడు దారి పక్క దుకాణాల్లో బ్యాటరీ కారు ఉంటుంది, దానంతట అదే లేచి నిలబడి రోబో అయి, లైట్లేసి పాట పాడి, మళ్ళీ కూర్చుంటుంది. చేతులు కదలవు, తల తిరగదు. దాన్ని పై కొలతలతో కొలవడం అన్యాయం. అది సరదా కోసం. దాంట్లో చూడాల్సింది బ్యాటరీ మూతకు స్క్రూ ఉందా, అంచులు కోసుకుంటాయా, ఇంకా ఐఎస్ఐ మార్కు ఉందా అన్నదే, 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి. పెద్ద బ్రాండ్ పేరు పెట్టుకున్న నకిలీలూ దొరుకుతాయి, డబ్బా తెరవగానే గుప్పుమనే వాసన, కీళ్ళ దగ్గర బయటికి పొడుచుకొచ్చిన ఇనుప పిన్నులు, డబ్బా మీద తప్పు స్పెల్లింగ్, వీటితో దొరికిపోతాయి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ముందు తెల్ల ప్లాస్టిక్ చూడండి, పసుపెక్కిందంటే ఎండ తగిలి ఉండొచ్చు. పాత బొమ్మల్లో బంగారు మెరుపు ప్లాస్టిక్ ఉంటే ఫొటో చూసి డబ్బులు పంపకండి, కొన్ని రకాలు లోపల్నుంచే పెళుసుబారి ముట్టుకుంటే ముక్కలవుతాయి. మనింట్లో పడమటి కిటికీ పక్కన పెట్టొద్దు, రేకుల గదిలో అసలే వద్దు, మన మే నెల ఎండకు మనుషులే ఆగలేరు.

ఇంతా విన్నాక మావాడు ఎర్రదాన్ని అద్దం మీద పెట్టి, వాళ్ళమ్మ పర్సులోంచి జీరో టికెట్ తీసి, ఒక్కో చక్రం కిందికి జరిపాడు. మూడు చక్రాల దగ్గర ఆగింది. నాలుగోదాని కింద జర్రున దూరిపోయింది. ఆరేళ్ళ నుంచి నా దగ్గరున్న బొమ్మ అది, అందరికీ గొప్పగా చూపించిన బొమ్మ, నేనే ఏనాడూ చూడలేదు. "మామా, ఇది కుంటిది" అన్నాడు. విప్పి చూస్తే ఎడమ పిడికిలి మడతలో పూర్తిగా కూర్చోలేదు, బొటనవేలితో వత్తా, టిక్‌మంది. మళ్ళీ అన్నీ వేసి అద్దం మీద పెట్టాక వాడు ఇంకోసారి టికెట్ జరిపాడు, ఈసారి ఆగింది. అయినా పసుపుదే తీసుకుపోతానన్నాడు.